సౌత్ మాఫీ

ఆ రోజుల్లో నాకు అరబ్బీ వచ్చని నేను గట్టిగా నమ్మేవాణ్ని. ఎర్రసముద్రం ఒడ్డున యాన్బులో దిగి మూడు నెలలు కూడా నిండలేదు, అయినా ఆ ధైర్యం. భాష బొత్తిగా రానివాడికి భయం ఉంటుంది, బాగా వచ్చినవాడికి వినయం ఉంటుంది, నాలాగా ఒక్క మాట వచ్చినవాడికి మాత్రం రెండూ ఉండవు. నాకొచ్చిన ఆ ఒక్క మాట 'మాఫీ'. మా ప్రొద్దుటూరు వైపు ఈ మాట తెలియని మనిషి లేడు. ఎన్నికలొస్తే రుణాలు మాఫీ, వానలు రాకపోతే శిస్తు మాఫీ, పెద్దాయన ఎవరైనా పోతే ఆ పూట బడి మాఫీ. అలాంటిది నేను విమానం దిగిన రోజునే మా కఫీల్ (అక్కడ మనకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిని అలా అంటారు, మన మంచీ చెడూ ఆయన చేతిలో ఉంటాయి) నా భుజం తట్టి "మాఫీ ముష్కిల్" అన్నాడు. ముష్కిల్ అంటే కష్టమని హిందీ సినిమాల పుణ్యమా అని తెలుసు. అంటే కష్టాలన్నీ మాఫీ! ఇంత చల్లని మాట మా ఊళ్లో ఓటు అడగడానికొచ్చిన వాళ్లు కూడా ఎన్నడూ అనలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ తర్వాత ఎక్కడ చూసినా ఆ మాటే వినిపించేది, ఎక్కడ విన్నా నా అర్థమే సరిపోయేది. శుక్రవారం పొద్దున కొట్టు దగ్గరికి వెళ్తే కఫీల్ చెయ్యి ఊపి "షుగుల్ మాఫీ" అన్నాడు. షుగుల్ అంటే పని. పని మాఫీ అన్నమాట, నేను తిరిగి వచ్చి పడుకున్నాను. మా వీధి చివర హోటల్లో యెమెన్ వంటాయన ఒకడుండేవాడు. ఒక శనివారం నేను లోపలికి అడుగు పెట్టానో లేదో, చేపల బొమ్మ వైపు వేలు చూపించి "సమక్ మాఫీ" అన్నాడు. నేను నిలువునా కరిగిపోయాను. శనివారం పూట నేను నీసు ముట్టనని ఈయనకు ఎవరు చెప్పారు? ఎక్కడి యెమెన్, ఎక్కడి వెంకటేశ్వరస్వామి! చేపలు తినకుండా నన్ను మన్నించిన ఆ మహానుభావుడికి రెండు చేతులూ జోడించి దండం పెట్టాను. ఆయన కంగారుపడి నాకు ఇంకొక రొట్టె ఎక్కువ పెట్టాడు. ఇన్ని సాక్ష్యాలు దొరికాక ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది చెప్పండి!

అక్కడ నా పని మైకుసెట్టు పనే. ఊళ్లో మా మామ మైకుసెట్టు, షామియానాలు అద్దెకిచ్చే కొట్టు నడిపేవాడు. పెళ్లిళ్లు, తిరునాళ్లు, సభలు అన్నీ తిరిగి ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. "మైకు చచ్చిందని జనానికి తెలిసే లోపల నీకు తెలియల్ల రా అల్లుడా. తెలియలేదంటే నువ్వు మైకోనివి కాదు, జనంలో ఒకనివి" అనేవాడు. యాన్బులో మా కఫీల్ చేసేదీ అదే వ్యాపారం, కాకపోతే కోటు వేసుకుని చేసేవాడు. ఫ్యాక్టరీల మీటింగులకు, పెళ్లి హాళ్లకు సౌండు, తెరలు, ప్రొజెక్టర్లు పెట్టేవాడు. ఆ దేశంలో సినిమాలు వేయడం అప్పుడప్పుడే మొదలవుతోంది, ఆ పనులూ రావడం మొదలయ్యాయి. ప్రతి మాటకూ ముందు "యల్లా" (పద, కానీయ్ అని) అంటాడు కాబట్టి మా గదిలో ఆయనకు యల్లా సారు అని పేరు. మనసు మంచిదే. కానీ హాల్లో పెద్దలు కూర్చుని ఉండగా సౌండు పోవడమంటే ఆయనకు ప్రాణభయం. నాకంటే ముందున్న ఆపరేటరు ఒక పెద్దమనిషి ప్రసంగం మధ్యలో మైకు పోగొట్టి, ఆ వారంలోనే ఎగ్జిట్ మీద ఇంటికి పోయాడని చెప్పుకునేవాళ్లు. అతను పడుకున్న మంచమే నాకిచ్చారు. గోడ మీద అతను అతికించుకున్న దేవుడి పటం ఇంకా అలాగే ఉండేది, రోజూ దండం పెట్టుకునేవాణ్ని కానీ ఆ దేవుడి మీద నాకు పూర్తి నమ్మకం మాత్రం ఉండేది కాదు.

నాకు మూడు నెలలు పరీక్ష. నెగ్గితే ఇఖామా, అంటే అక్కడ ఉండి పని చేసుకోవడానికి ఇచ్చే కార్డు. ఓడితే వచ్చిన దారే. ఆ గడువు ముగియబోయే ముందు వచ్చింది రష్యా సినిమా. సినిమా అంటే కథ కాదు, ఒక రష్యా దర్శకుడి జీవితం మీద తీసిన డాక్యుమెంటరీ. తీసింది ఆయన కూతురే, ఆమే స్వయంగా వస్తోంది. సముద్రం పక్కన చిన్న హాలు, పొద్దుగుంకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యాక మొదలుపెట్టి రాత్రి ఇషా నమాజు లోపల ముగించాలి. సౌండు బాధ్యత నాది. యల్లా సారు నన్ను పిలిచి బొటనవేలు పైకెత్తి "ఇఖామా" అన్నాడు. తర్వాత అరచెయ్యి చాపి విమానంలా పైకి లేపి, కిటికీలోంచి ఇండియా వైపు పంపించాడు. ఆ విమానం చప్పుడు కూడా నోటితో చేశాడు. అంత వివరంగా చెప్పాక అర్థం కాకపోవడానికేముంది? ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఆట మొదలవడానికి ముందు ఆ కూతురు మా గదిలోకి వచ్చింది. హాలు వెనక, మెట్లెక్కి పైకొస్తే ఉంటుంది సౌండు గది. ఆమె తల నెరిసింది, పైన వేసుకోమని ఎవరో ఇచ్చిన నల్లటి అబాయా పొడవెక్కువై కాళ్లకు అడ్డం పడుతోంది. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే బడిలో మధ్యలో మానేసిన బాపతు. మిక్సర్ వైపు చూపించి, పెదాల మీద వేలు పెట్టుకుని, "ఎండ్... సైలెన్స్. నో టచ్. ప్లీజ్, నో టచ్" అంది. నేను వెంటనే జేబులోంచి ఫోను తీసి సైలెంటులో పెట్టి ఆమెకు చూపించాను. ఆమె లాప్‌టాప్‌ను ముట్టనని రెండు చేతులూ వెనక్కి కట్టుకుని మరీ నిలబడ్డాను. "నో టచ్ మేడం" అన్నాను. ఆమె నన్ను కాసేపు అలాగే చూసి, తల ఊపి వెళ్లిపోయింది. (ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. మా లెక్కల సారు నన్నలాగే చూసేవాడు.)

దీపాలు ఆర్పారు. ముందు వరసలో పెద్దలు, వాళ్ల పక్కన వాకీటాకీ పట్టుకుని యల్లా సారు. తెర మీద మాటలు రష్యన్‌లో, కింద అక్షరాలు అరబ్బీలో. ఆ హాలు మొత్తం మీద ఆ సినిమాలో ఒక్క ముక్క కూడా అర్థం కానివాణ్ని నేనొక్కణ్నే, సౌండు మాత్రం నా చేతిలో ఉంది. నేను మిక్సర్ మీద సౌండు ఎంతుందో చూపించే సూదుల వంకే చూస్తూ కూర్చున్నాను. అయితే ఎంతసేపని చూస్తాం? మెల్లగా కళ్లు తెర మీదికి పోయాయి. మంచులో ఒక పిల్లవాడు, రైల్వేలో పనిచేసే తండ్రి, పెద్ద కూతపెట్టి పోయే రైలింజను. (ఆ కూతకు సూది ఎర్రగీత దాటింది, నేను వాల్యూం కొంచెం దించాను.) పిల్లవాడు పెద్దవాడై కెమెరా పట్టాడు. కోట్లు వేసుకున్నవాళ్లు వచ్చి అతని సినిమాను రేకుడబ్బాలో పెట్టి తాళం వేశారు. అతను వరండాల్లో, ఆఫీసుల్లో కూర్చుని ఎదురుచూశాడు. జుట్టు తెల్లబడింది. చివరికి గొంతు చుట్టూ కట్టుతో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. మాట రాకపోయినా ఒక మనిషి కష్టం తెలుస్తుందని నాకు ఆ చీకట్లో తెలిసింది, మెషినును మరిచిపోయాను.

అప్పుడు సౌండు పోయింది.

ఉన్నట్టుండి సూదులన్నీ పడిపోయాయి. బొమ్మ నడుస్తోంది, చప్పుడు లేదు. నా గుండె మాత్రం మైకు పెట్టినట్టు కొట్టుకుంది. వైర్లు తడిమాను, అన్నీ బిగుతుగానే ఉన్నాయి. మెషిను మీద లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. మామ మాట గుర్తొచ్చింది, జనానికి తెలిసిపోయింది కూడా. కింద ఎవరో దగ్గారు. అంతలో వాకీటాకీ బుర్రుమని, యల్లా సారు గొంతు కీచుగా వినిపించింది.

"సౌత్ మాఫీ! సౌత్ మాఫీ!"

సౌత్ అంటే సౌండని మా పెట్టెల మీద రాసి ఉండేది. సౌండు మాఫీ! నా ప్రాణం లేచొచ్చింది. అంటే ఇక్కడ సౌండు అక్కర్లేదనీ, ఆయనకు ముందే తెలుసనీ, నేను కంగారు పడతానని పాపం పనిగట్టుకుని చెబుతున్నాడనీ అనుకున్నాను. ఇలాంటి యజమాని ఎవరికి దొరుకుతాడు! "సౌత్ మాఫీ! సౌత్ మాఫీ!" అని మళ్లీ అరిచాడు. ఒకసారి చెబితే చాలదా, పిచ్చి మారాజు అనుకుంటూ బొత్తాం నొక్కి, భరోసా ఇస్తున్నట్టు గొంతు పెట్టి, "మాఫీ సార్, మాఫీ! నేను చూసుకుంటా" అన్నాను. అవతల నుంచి ఒక మూలుగులాంటిది వినిపించి ఆగిపోయింది.

తెర మీద ముసలాయన మొహం నిండుగా ఉంది. కెమెరా పట్టుకున్నది కూతురే అయి ఉండాలి, ఆయన ఆమె వైపే చూస్తున్నాడు. గొంతు పోయింది కదా, పెదాలు మాత్రం కదులుతున్నాయి. కింద అక్షరాలు కూడా వేయలేదు. అది చూడగానే నాకు మా నాయన గుర్తొచ్చాడు. వీడియో కాల్ చేసిన ప్రతిసారీ ఆయన మ్యూట్ నొక్కేసుకుని మాట్లాడేవాడు. "నాయనా, వినబడలేదు, కింద మైకు బొమ్మ నొక్కు" అని నేను ఇక్కడ అరుస్తుంటే, ఆయన అక్కడ తాపీగా పెదాలాడించేవాడు. నెల తిరిగేసరికి నేను పెదాలు చూసే పోల్చుకోవడం నేర్చుకున్నాను. ఎంత చేసినా రెండే ముక్కలు: తిన్నావా, ఆరోగ్యం బాగుండాదా. ఈ రష్యా నాయన పెదాలు కూడా అచ్చం అలాగే కదిలాయి. నాకు ఏడుపొచ్చేసింది.

అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు గోడకు కొట్టుకుంది. యల్లా సారు తలగుడ్డ పక్కకు జారింది, మొహం కందిపోయింది.

"సౌత్ మాఫీ?" అన్నాడు నా మొహంలో మొహం పెట్టి.

"మాఫీ!" అన్నాను కళ్లు తుడుచుకుంటూ, సంతోషంగా.

"లేష్ మాఫీ?" లేష్ అంటే ఎందుకని. ఎందుకు మాఫీ చేశావని నన్నడుగుతాడేమిటి, చేసింది తనే కదా!

"మాఫీ సార్, మాఫీ. ఫుల్ మాఫీ."

ఆయన రెండు చేతులూ ఆకాశం వైపెత్తి, అక్కడి నుంచి తిన్నగా మిక్సర్ మీదికి దించాడు. ఆ చేతులు దిగుతున్న క్షణంలో నాకు ఆ రష్యా ఆమె వేలు, పెదాలు, మాటలు అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి. ఎండ్, సైలెన్స్, నో టచ్. ఆమె చెప్పింది నా ఫోను గురించి కాదు, ఈ మౌనం గురించి! "నో టచ్ సార్! నో టచ్!" అని ఆయన మణికట్టు పట్టుకోబోయాను. కఫీల్ చెయ్యి పట్టుకోవడమంటే అక్కడ చిన్న విషయం కాదు, ఆయన నన్ను మోచేత్తో నెట్టేసి పది వేళ్లతో వాల్యూం మీటలన్నీ చివరిదాకా పైకి తోసేశాడు. ఏమీ వినబడలేదు. మౌనాన్ని ఎంత పెంచినా మౌనమే కదా. ఆయన వంగి స్పీకర్ల వైపు చెవి పెట్టాడు. నేను మీటలు దించడానికి ఆయన చంక కిందుగా చెయ్యి దూర్చాను. అప్పుడు ముసలాయన మొహం పోయి, మంచులో మళ్లీ ఆ రైలింజను వచ్చింది.

అంత కూతను నేను జీవితంలో వినలేదు, మళ్లీ వినను. హాలు పైకప్పు అదిరింది. ముందు వరసలో పెద్దలందరూ ఒకేసారి లేచారు, గహ్వా కాఫీ కప్పులు ఎవరి ఒళ్లో ఎవరివి పడ్డాయో తెలియదు. ఒక చంటిపిల్ల గుక్కపట్టింది. బయట కారులో కునుకు తీస్తున్న మా డ్రైవరు చాచా, రైలే లేని యాన్బులో రైలొచ్చి హాలును గుద్దిందనుకుని కారును వెనక్కి తీశాడట. నేను మీటలు కిందికి లాగేసరికి కూత అయిపోయింది, సినిమా అయిపోయింది, దీపాలు వెలిగాయి. తర్వాత చప్పట్లు కొట్టారు, కానీ అందరూ చెవులు రుద్దుకుంటూ కొట్టారు.

ఆమె పైకొచ్చింది. అబాయా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని మెట్లెక్కినట్టుంది, ఆయాసపడుతోంది. "సైలెన్స్, గుడ్. వెరీ గుడ్. ఆల్ సిటీ, మ్యాన్ టచ్. యూ, నో టచ్" అంది నాతో. ప్రతి ఊళ్లోనూ ఆపరేటరు కంగారుపడి అక్కడేదో కెలికేవాడట, ముట్టకుండా వదిలేసింది నేనొక్కణ్నేనట. తర్వాత ఆమె మొహం మారింది. "బట్ ట్రెయిన్. హూ?"

యల్లా సారు చేతులు ఇంకా మిక్సర్ మీదే ఉన్నాయి. ఆమె మాట ఆయనకు అర్థమైంది, ఆ వేళ్లు దించేసిన మీటలనే ఇంకా కిందికి నొక్కుతున్నాయి. తలుపు దగ్గర ముందు వరస పెద్దమనిషి ఒకాయన ఒంటి మీద గహ్వా మరకతో నిలబడి సమాధానం కోసం చూస్తున్నాడు. "మీ, మేడం" అన్నాను. "మై మిస్టేక్." గొప్ప త్యాగమని అనుకోకండి. ఆ వేళ్లను చూసి నిజంగానే జాలేసింది, దానితోపాటు ఇఖామా ఇవ్వాల్సింది కూడా ఆ వేళ్లేనన్న సంగతి గుర్తొచ్చింది, ఏది ఎంత పాలో ఇప్పటికీ చెప్పలేను. పెద్దమనిషి నన్ను కిందికీ పైకీ చూసి, యల్లా సారుతో అరబ్బీలో ఏదో కఠినంగా అన్నాడు. యల్లా సారు తల దించుకుని, నా వైపు చూడకుండా ఆయన వెంట వెళ్లిపోయాడు. ఆమె మాత్రం ఆగింది. ఉండబట్టలేక అడిగేశాను. "మేడం, ఫాదర్... లాస్ట్... ఫుడ్ ఈట్ అంటున్నాడా?" ఆమెకు అర్థం కాలేదు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంటున్నట్టు చేసి చూపించి, "మై ఫాదర్ ఆల్సో. మ్యూట్" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఏమన్నాడో తనకూ తెలియదంది. ఎందరినో అడిగిందట, దేశం గురించన్నాడని ఒకరు, కళ గురించన్నాడని ఒకరు చెప్పారట. "ఫుడ్," అని తనలో తాను అనుకుని నవ్వడం మొదలుపెట్టింది, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూనే మెట్లు దిగింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో చాచాకు జరిగిందంతా చెప్పాను. చాచా హైదరాబాద్ పాతబస్తీ మనిషి, ముప్పై ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. సౌండు మాఫీ చేశానని చెబుతుంటే కారు పక్కకు ఆపేశాడు.

"అరే బేటా, మాఫీ అంటే ఏందనుకున్నవ్?"

"మాఫీ అంటే మాఫీనే కదా చాచా. రుణమాఫీ."

"యా అల్లా! గది మన ఉర్దూ మాఫీ. అరబ్బీల మా ఫీ అంటే లేదు అని. సౌత్ మాఫీ అంటే సౌండ్ వస్తలేదురా పాగల్!"

ఒక్క మాట కూలితే దానితో ఎన్ని కూలాయో! పని మాఫీ కాదు, పని లేదు. యెమెన్ వంటాయనకు శనివారం సంగతి తెలియదు, ఆ పూట చేపలు అయిపోయాయి. అన్నిటికంటే నా ఒళ్లు చల్లబడింది ఎక్కడంటే, సౌండు లేదేమిరా అని ప్రాణం పోతున్నట్టు అడిగిన మనిషికి 'లేదు సార్, లేదు, అస్సలు లేదు' అని నేను పళ్లికిలించి చెప్పాను. పైగా చెయ్యి పట్టుకున్నాను. "ఇప్పుడెట్ల చాచా?" అన్నాను. "ఖుదా ఉన్నడు" అన్నాడు చాచా. అది మా గోడ మీది దేవుడి పటం లాగా వినిపించింది.

పొద్దున కొట్టు దగ్గరికి వెళ్లాను. యల్లా సారు లోపల ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. "యల్లా" అనలేదు, అప్పుడే నాకు సంగతి తెలిసిపోయింది. దగ్గరికొచ్చి, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, నా కళ్లలోకి చూస్తూ మెల్లగా అన్నాడు.

"మాఫీ."

అంతే. రాత్రే నేర్చుకున్నాను కదా, అర్థం కాకపోవడానికేముంది? లేదు. పని లేదు, ఇఖామా లేదు. గుండె మీద చెయ్యి పెట్టుకోవడం ఆ మనిషి మర్యాద. "షుక్రన్ సార్" అని థాంక్సు చెప్పి గదికి వచ్చి పెట్టె సర్దుకున్నాను. అమ్మ పంపిన చింతకాయ తొక్కు ఇంకా సగం ఉంది, దాన్ని తెరిచి చూసి ఏడ్చాను. మామకు ఫోను చేస్తే, "పోతే పోయిందిలే రా అల్లుడా. తిరునాళ్ల వస్తాండాది, మనుషులు తక్కువుండారు" అన్నాడు. ఆ ఓదార్పుకు ఇంకా ఏడుపొచ్చింది. ఇంతలో బయట చాచా కారు హారను కొట్టాడు. "యల్లా సార్ పంపిండు, జల్దీ రా" అన్నాడు. నేను పెట్టె వెనక పెట్టి, కిటికీలోంచి ఎర్రసముద్రానికి వీడ్కోలు చెబుతూ కూర్చున్నాను. కారు ఎయిర్‌పోర్టు దారి దాటి వెళ్లిపోయింది. మర్చిపోయాడేమో అనుకున్నాను, కానీ గుర్తుచేయడానికి నోరు రాలేదు. చివరికి ఒక ఆసుపత్రి ముందు ఆగింది.

"దిగు. ఇఖామాకు రక్తం ఇయ్యాలె" అన్నాడు చాచా. తర్వాత నా చేతిలో పెట్టె చూసి, "రక్తానికి పెట్టె ఎందుకురా? ఎంత తీస్తరనుకున్నవ్?" అన్నాడు.

"సారు మాఫీ అన్నాడు కదా చాచా. లేదన్నాడు కదా!"

చాచా స్టీరింగు మీద తల ఆనించి, భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. "పొద్దుగాల ఫజర్ నమాజ్ కాంగనే నా దగ్గరకొచ్చిండురా. పిలగాడు నా తప్పు మీదేసుకున్నడు, మీ జబాన్ల తప్పైంది, క్షమించుమని ఎట్ల అడుగుతరని అడిగిండు. మాఫీ అంటరని నేనే చెప్పిన!"

ఆ ఒక్క రాత్రిలో నేను అరబ్బీ నేర్చుకున్నాను, ఆయన మా మాట నేర్చుకున్నాడు. ఇద్దరమూ నేర్చుకున్నది ఒకే మాట, మళ్లీ ఇద్దరమూ అర్థం చేసుకోలేకపోయాం.

ఇప్పుడు నా ఇఖామా ఎన్నిసార్లు కొత్తదైందో నాకే గుర్తులేదు. జుట్టు పలచబడింది, అరబ్బీ చిక్కబడింది. యల్లా సారు ఇప్పటికీ ఆ మాటను రెండు రకాలుగానూ వాడతాడు, అందుకని ఆయన మాఫీ అనగానే ముందు చెయ్యి ఎక్కడుందో చూస్తాను. గాల్లో ఊగుతుంటే అరబ్బీ, గుండె మీదుంటే మనది. మా నాయన ఇప్పటికీ మ్యూట్ తీయడు. తీయమని నేనూ ఇప్పుడు చెప్పను. సౌత్ మాఫీ అనుకుని, ఆ పెదాల వంక చూసి, "తిన్నా నాయనా, నువ్వు తిన్నావా?" అంటాను. ఒక్కోసారి ఆసుపత్రి గుమ్మంలో పెట్టె పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాడు కళ్లముందు కదులుతాడు. చింతకాయ తొక్కు కారి, ఆ పెట్టె మూలన ఎర్రమరక ఒకటి పడింది. రక్తం తీసే నర్సమ్మ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, ఎందుకైనా మంచిదని కొంచెమే తీసింది.